ఆ హోరులో జోలపాట వుందండీ!

మీ ఇంట్లో ఇంటరో, ఇంజనీరింగో చదివే పిల్లలున్నారా? అయితే ఇది మీకు కొత్త కాదు. గది తలుపు దగ్గరగా వేసి వుంటుంది. లోపల లైటుండదు. మంచం మీద వెల్లకిలా పడుకుని, చెవుల్లో అవేవో దూర్చుకుని, కళ్ళు మూసుకుని వుంటారు మన రత్నాలు. "అన్నానికి రారా" అని మూడుసార్లు పిలిస్తే, నాలుగోసారికి ఒక చెవిలోది తీసి "ఆఁ?" అంటారు. ఆ తీసినదాంట్లోంచి సన్నగా వినిపిస్తుంది చూడండీ... పాటా అది? ఒట్టి మిక్సీ తిరుగుతున్నట్టు ఒకటే రొద!

"ఈ కాలపు పిల్లలు, వీళ్ళ పాటలూను!" అనేసి మనం మళ్ళీ వంటింట్లోకి వచ్చేస్తాం. ఈసారి మాత్రం అలా వచ్చెయ్యకండి. ఎందుకంటే ఆ రొదల్లో ఒకటి ఈ కాలపుది కానే కాదు. దాని వయసు మీ పిల్లాడి వయసుకంటే ఎక్కువ. 1991లో వచ్చిన రికార్డు అది. మీలో కొందరు ఆ యేడే పెళ్ళిపీటల మీద కూర్చుని వుంటారు!

ఆ రికార్డు పేరు 'లవ్‌లెస్'. చేసినవాళ్ళ పేరు 'మై బ్లడీ వాలెంటైన్'. పేరు చూసి హడలిపోకండి. 1981లో వచ్చిన ఓ కెనడా దయ్యాల సినిమా లాంటిదాని పేరు తెచ్చి పెట్టుకున్నారంతే. మనుషులు మాత్రం మహా మెతక.

వదినగారి బెంగ

ఈ రికార్డు సంగతి నాకెలా తెలిసిందంటారా? మా మంగళగిరిలో మా పక్కింటి వదినగారి వల్ల. వాళ్ళబ్బాయి ఇంజనీరింగ్ రెండో యేడు. రెండు సబ్జెక్టులు పోయాయి. ఆ పోవడం పోవడం వాడి నోట మాట కూడా పోయింది. కాలేజీ నుంచి రావడం, తలుపు వేసుకోవడం, చెవులు మూసుకోవడం. ఓ రోజు రాత్రి వదినగారు వాడు నిద్రపోయాక ఆ చెవిలోది తీసి తన చెవిలో పెట్టుకుని విన్నారట. మర్నాడు పొద్దున్నే కళ్ళనీళ్ళు పెట్టుకుని వచ్చారు.

"ఏదో యంత్రం చెడిపోయినట్టు మోతమ్మా. అదే వింటూ పడుకుంటున్నాడు. బుద్ధి ఏమన్నా చలించిందంటావా?" అని.

ఇంతలో ఆయనగారు ఫోను లాక్కోవడం, వాడు రెండు పూటలు అన్నం మానెయ్యడం కూడా జరిగిపోయాయి. నేను వెళ్ళి, "నాకూ వినిపించరా అబ్బాయ్, అదేమిటో" అన్నాను. వాడు నన్నొక క్షణం అనుమానంగా చూశాడు. "మీకు నచ్చదు అత్తయ్యగారూ" అన్నాడు. నచ్చకపోతే తీసేస్తాలే అన్నాను.

నిజం చెప్పొద్దూ, మొదటి పాట మొదటి పది సెకన్లకి గుండె జారింది. డ్రమ్ము మీద టకటకమని నాలుగు దెబ్బలు... ఆ వెంటనే గోడ కూలి మీద పడినట్టు గిటార్ల హోరు. కానీ కాస్త ఓర్చుకుంటే, ఆ హోరు వెనకాల ఎక్కడో ఓ ఆడగొంతు. అరవడం లేదు. గట్టిగా పాడడం కూడా లేదు. పక్కలో పిల్లని పడుకోబెట్టుకుని, తనకే నిద్ర ముంచుకొస్తున్న తల్లి కూనిరాగం తీస్తుందే, అదిగో అలా!

వానలు బాగా పడ్డ యేడు ప్రకాశం బ్యారేజీ మీద నిలబడ్డారా మీరెప్పుడైనా? 1957లో కట్టిన ఆ బ్యారేజీకి 70 గేట్లు. అన్నీ ఎత్తేసినప్పుడు పక్కనున్న మనిషి మాట పక్కనున్న మనిషికి వినబడదు. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు పోయాయి, కొంపలు మునిగిన ఆ రోజుల హోరు సరదాగా చెప్పుకునేది కాదనుకోండి. మామూలు వరదప్పటి మాట చెబుతున్నాను. మొదట చెవులు దిమ్మెక్కుతాయి. ఓ అయిదు నిముషాలు రెయిలింగు పట్టుకుని నిలబడితే ఆ హోరు మెత్తబడుతుంది. అందులోంచే ఏవో పిలుపులు, ఏదో రాగం వినిపిస్తున్నట్టు వుంటుంది. ఈ రికార్డు పద్ధతి సరిగ్గా అదే.

ఇంతకీ ఎవరు వీళ్ళు?

1983లో ఐర్లాండులోని డబ్లిన్‌లో మొదలైన బృందం. కెవిన్ షీల్డ్స్ గిటారు, కాల్మ్ ఓ కీసోగ్ డ్రమ్ములు. తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి చేరారు. బాస్ గిటారు డెబీ గూజ్, గిటారూ పాటా బిలిండా బుచర్. బిలిండా 1987లో చేరేనాటికే ఓ బిడ్డ తల్లి. పసివాణ్ణి పెంచుకుంటూ రాత్రిళ్ళు స్టూడియోలకి తిరిగిన మనిషి. మనం అర్థం చేసుకోగలం కదూ ఆ పాట్లు?

వీళ్ళూ, వీళ్ళలాంటి మరికొందరూ వేదిక మీద ఎగిరి గంతులెయ్యరు. తల వంచుకుని, కాళ్ళ దగ్గరున్న మీటలు చూసుకుంటూ వాయిస్తారు. ఒక్కో మీట తొక్కితే గిటారు గొంతు ఒక్కో రకంగా మారుతుంది. అది చూసి లండను పత్రికల వాళ్ళు వెటకారంగా 'షూగేజ్' అని పేరు పెట్టారు. అంటే చెప్పులు చూసుకునే వాళ్ళని! ఆ వెక్కిరింతే చివరికి ఆ సంగీతానికి పేరైపోయింది. మా వూళ్ళో గుంట మగ్గం మీద కూర్చునే నేతగాళ్ళని చూస్తే నాకిప్పుడు అదే గుర్తొస్తుంది. తల వంచి, కాళ్ళతో కింద కర్రలు తొక్కుతూ, నాడె ఇటు నుంచి అటు విసురుతూ... ఎదురుగా ఎవరొచ్చినా తలెత్తరు. గర్వమనుకుంటే ఎలా? పోగు తెగుతుందని భయం!

బొంగురు శబ్దం మనకి కొత్తా?

కొత్తేం కాదు. గిటారు శబ్దాన్ని యంత్రంలో దాని శక్తికి మించి పెంచితే, అది పలికించలేక పైన పైన నరుక్కుంటూ పోతుంది. ఎసరు పొంగి మూతని తన్నినట్టన్న మాట. దాన్నే డిస్టార్షన్ అంటారు. శ్రీరామనవమి పందిట్లో మైకు సెట్టు గొంతు బొంగురుపోయి గర్‌ర్‌మనడం వినే వుంటారు. మైకువాడు దాన్ని తప్పనుకుని సరిచేస్తాడు, వీళ్ళు కావాలని చేస్తారు. అలా నరుక్కుపోయినప్పుడు అసలు స్వరం మీద కొత్త కొత్త స్వరాలు పుట్టుకొస్తాయి. ఒక్క తీగ మీటితే పది తీగలు మోగినట్టుంటుంది.

ఇక్కడే నాకు మన టంబురా గుర్తొచ్చింది. ఆ రోజుల్లో పాట నేర్చుకున్న ఆడపిల్లలున్న ఇళ్ళల్లో మూలనో టంబురా వుండేది. నాలుగే తీగెలు. ఒకటి పంచమం, రెండు సారణి, ఒకటి మంద్రం. తీగెలు ఆనుకునే చిన్న పీటలాంటి చెక్క మీద, ఒక్కో తీగె కింద ఓ నూలుపోగు దూరుస్తారు. దాన్ని జీవా అంటారు. ఆ పోగు లేకపోతే తీగె 'టంగ్' మని మోగి వూరుకుంటుంది. పోగుని ఇటూ అటూ జరిపి సరైన చోట పెట్టారా, 'జుమ్‌మ్‌...' అని తేనెటీగల పట్టులా మోగుతుంది. అసలు స్వరం మీద ఎన్నో స్వరాలు తేలతాయి. ఆ రొద లేకపోతే టంబురాకి జీవం లేదన్నారు మన పెద్దలు. శబ్దాన్ని కావాలని కొంచెం 'చెడగొట్టడం' మనవాళ్ళకి ఎన్నో తరాలుగా తెలుసన్న మాట!

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. అక్కడి నుంచి వచ్చిన భక్తిరంజనిలో బాలమురళీకృష్ణగారి గొంతూ, శ్రీరంగం గోపాలరత్నంగారి గొంతూ విని పెరిగిన తరం మనది. పాట మొదలవడానికి ముందే ఆ శ్రుతి రొద పొయ్యి దగ్గరున్న మన అమ్మల్ని తాకేది. అప్పుడు దాన్ని రొద అని ఎవరన్నా అన్నారా? లేదే!

తేడా లేకపోలేదు. టంబురాలో శ్రుతి కదలదు, అదే దాని గొప్ప. షీల్డ్స్ గిటారులో శ్రుతి క్షణం నిలబడదు. గిటారు కింద సన్నటి ఇనుప చువ్వ ఒకటుంటుంది. దాన్ని కదిపితే తీగెల బిగువు మారి స్వరం జారుతుంది. మామూలుగా వాయించేవాళ్ళు ఎప్పుడో ఒకసారి దాన్ని ముట్టుకుంటారు. ఈయన ఆ చువ్వని చేత్తో పట్టుకునే తీగెలు మీటుతాడు. దాంతో పాటంతా నీళ్ళల్లో నీడలా వూగుతూ వుంటుంది. వీణ మీద తీగె లాగి గమకం పలికిస్తాం కదా, ఈయన ఒక స్వరం కాదు, మొత్తం గిటారునే లాగేస్తాడు.

అంత హోరు వింటే యాభై గిటార్లు ఒకదాని మీద ఒకటి పేర్చారనిపిస్తుంది. అదేం లేదని షీల్డ్సే చెప్పాడు. గిటార్లు చాలా కొద్ది. పేర్చినవి గొంతులు! ఒకే పాటని ఎన్నోసార్లు పాడి, ఆ పొరలన్నీ ఒకదానిమీదొకటి పరిచారు. అందుకే ఆ గొంతుకి అంచులుండవు. ఇక డ్రమ్ముల సంగతా... కాల్మ్‌కి ఆ రోజుల్లో ఒంట్లో బాగోలేదు. అతను వాయించిన చిన్న చిన్న ముక్కలు యంత్రంలోకి ఎక్కించి, వాటిని అతికి చాలా పాటలకి తాళం తయారు చేశారు. పాత చీరల ముక్కలతో మనం బొంత కుట్టమూ!

పరదా వెనక పాట

నాకు బాగా నచ్చిన సంగతి ఇది. 1991 వేసవిలో గొంతులు రికార్డు చేసేటప్పుడు, పాడే గదికీ ఇంజనీర్ల గదికీ మధ్యనున్న అద్దానికి షీల్డ్స్, బిలిండా పరదాలు కట్టేశారు. పాడేటప్పుడు బయటివాళ్ళు చూడకూడదు, వినకూడదు. పాట బాగా వచ్చిందనుకుంటే పరదా తొలగించి చెయ్యి వూపేవారు. రాలేదా, పరదా అలాగే వుండేది. అలా బయట కూర్చున్న ఇంజనీరు కూడా ఓ ఆడమనిషే, అంజలీ దత్. పేరు విని వులిక్కిపడ్డారు కదూ? నేనూ పడ్డాను.

బిలిండా చాలాసార్లు పొద్దున్న ఏడున్నరకి పాడేదట. రాత్రంతా మేలుకుని అప్పుడే కళ్ళు మూతపడుతుంటే లేపి, "రా, పాడు" అనేవారు. ఆ నిద్రమత్తు గొంతే రికార్డులోకెక్కింది. పాట కోసం నిద్రమత్తు నటించలేదు, నిజంగానే నిద్ర! పసిపిల్లల తల్లి గొంతు తెల్లారుజామున ఎలా వుంటుందో మనకి వేరే చెప్పాలా?

మీకు ఇంగ్లీషు అంతగా రాదని బెంగ పెట్టుకోకండి. ఇంగ్లీషువాళ్ళకే ఆ మాటలు అర్థం కావు. రాత్రుళ్ళు రాత్రుళ్ళు కూర్చుని రాసిన మాటల్ని వాళ్ళే హోరులో ముంచేశారు. పైకి తేలేది రాగం ఒక్కటే. పూర్వం మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు పెద్దవాళ్ళెదుట గొంతు పెంచకుండా తమలో తామే పాడుకునేవారు, గుర్తుందా? దంచుతూ, విసురుతూ, తిరగలి రొద చాటున. ఆ చాటు వుంది కాబట్టే మనసులోది పాడగలిగారేమో అనిపిస్తుంది నాకు.

డబ్బు మాట కూడా చెప్పాలి. 1989 ఫిబ్రవరిలో మొదలుపెట్టి 1991 సెప్టెంబరు దాకా, 19 స్టూడియోలు మారారు. క్రియేషన్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ వీళ్ళకి పెట్టుబడి. రెండున్నర లక్షల పౌన్లు అయ్యాయని, కంపెనీ దివాలా అంచుకి వెళ్ళిందని కథలు కథలుగా చెప్పుకున్నారు. అంత కాలేదని షీల్డ్స్ ఇప్పటికీ వాదిస్తాడు. ఎంతయితేనేం, 1991 నవంబరు 4న రికార్డు బయటికొచ్చింది. బ్రిటన్ పట్టికలో 24వ స్థానం దాకా వెళ్ళి ఆగిపోయింది. కంపెనీ వీళ్ళని వదిలించుకుంది. తర్వాతి రికార్డు ఎప్పుడొచ్చిందో తెలుసా? 2013లో! ఇరవై రెండేళ్ళు. అల్లుడికి పెట్టిన పచ్చడి జాడీ అయినా అన్నాళ్ళు ఆగదు. అయినా ఈ లోపల 'లవ్‌లెస్' చేతులు మారి, దేశాలు దాటి, చివరికి మా పక్కింటి కుర్రాడి ఫోనులోకి వచ్చింది.

చెవుల మాట మర్చిపోకండి

ఇంతవరకు మెచ్చుకున్నాను కదా, ఇప్పుడు తిట్టాల్సింది తిడతాను. ఈ బృందం వేదిక మీద వాయించే చప్పుడు ఏ లెక్కన చూసినా అతి. ఒక పాట మధ్యలో ఒకే హోరుని పది, ఇరవై నిముషాలు సాగదీస్తారు. 2008లో మళ్ళీ కచేరీలు మొదలుపెట్టినప్పుడు వచ్చినవాళ్ళకి చెవుల్లో పెట్టుకునే బిరడాలు పంచారు! అసలు ఈ రికార్డు చేస్తుండగానే 1991లో షీల్డ్స్‌కీ బిలిండాకీ చెవుల్లో 'గుయ్' మనే జబ్బు పట్టుకుని కొన్ని వారాలు పని ఆపాల్సొచ్చింది. కచేరీల మోతే కారణమని స్నేహితులన్నారు. షీల్డ్స్ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం కుర్రాళ్ళ లక్షణం.

మా వదినగారి అబ్బాయి కూడా మొదట ఒప్పుకోలేదు. నేను నెమ్మదిగా అడిగాక చెప్పాడు. రాత్రిళ్ళు అది తీసేశాక చెవిలో సన్నగా కీచురాయి కూసినట్టు వుంటోందట. అది భరించలేక మళ్ళీ పెట్టుకుంటున్నాడట! అమ్మకి చెబితే ఫోను లాక్కుంటారని భయం. చూశారా, లాక్కోవడం వల్ల వచ్చే నష్టం! వదినగారు చెవి డాక్టరు దగ్గరికి తీసికెళ్ళి ఆడియోగ్రామ్ పరీక్ష చేయించారు. అదృష్టం, వినికిడి ఇంకా బాగానే వుంది.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. పెద్ద చప్పుడుకి అవి వాలిపోతాయి. ఒకసారి చచ్చాయంటే మళ్ళీ మొలవవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఇలా వుంది: 80 డెసిబెల్స్ చప్పుడయితే పెద్దవాళ్ళు వారానికి 40 గంటలు వినొచ్చు. పిల్లలకి 75 దాటకూడదు. ఆ పైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ గంటలు సగానికి పడిపోతాయి. 83కి 20 గంటలు, 86కి 10 గంటలు. 100 దాకా పోతే వారం మొత్తానికి ఇరవై నిముషాలే! 80 అంటే ఎంతో తెలియాలంటే మిక్సీ పక్కన నిలబడి చూడండి, దాదాపు అంత.

కాబట్టి రికార్డు మీద కోపం అక్కర్లేదు, మీట మీద చాలు. ఫోను సౌండు సగానికి కొంచెం పైన ఆపమనండి. ఇప్పుడు చాలా ఫోన్లలోనే ఇంతకి మించకుండా కట్టడి పెట్టుకునే ఏర్పాటుంది, వాడి చేతే పెట్టించండి. చేతికందే దూరంలో కూర్చుని మీరు మామూలుగా మాట్లాడితే వాడికి అస్సలు వినపడలేదా, సౌండు ఎక్కువన్నట్టే. గంటకోసారి తీసి చెవులకి విశ్రాంతినివ్వాలి. పెట్టుకుని నిద్రపోవడం మాత్రం కట్టిపెట్టాలి. చెవి గుయ్‌మంటోందని వెల్లుల్లి నూనె కాచి పొయ్యకండి, దూది కుక్కకండి. దూదితో చప్పుడు ఆగదు. రెండు రోజులకీ తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. ఒక్కసారిగా ఓ చెవి వినపడడం మానేస్తే ఆ రెండు రోజులు కూడా ఆగొద్దు.

ఇంకో మాట. పిల్లల్ని అనేముందు మనమేం చేస్తున్నామో చూసుకోవాలి. పెళ్ళి వూరేగింపులో డీజే బండి ముందు చంటిపిల్లని చంకనేసుకుని నిలబడే తల్లుల్ని ఎంతమందిని చూశాను! అక్కడ పిల్లకి బిరడాలు పంచేవాళ్ళు కూడా వుండరు. రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా లౌడ్‌స్పీకర్లు కూడదని 2000 సంవత్సరంలోనే నిబంధనలొచ్చాయి. ఎవరికి గుర్తు?

సరే, మీరెలా వినాలంటే...

వదినగారు చేసింది చెబుతాను. ఓ ఆదివారం మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, "ఆ చెవిలోవి తీసి బయటికి పెట్టరా, నేనూ వింటా" అన్నారు. వాడు చిన్న స్పీకరుకి కలిపి తక్కువ సౌండులో పెట్టాడు. మూడు పాటలయ్యాక వదినగారు, "నువ్వు పసివాడప్పుడు టేబుల్ ఫ్యాను చప్పుడుంటేనే పడుకునేవాడివి. కరెంటు పోతే లేచి ఏడ్చేవాడివి. నేను చెవి దగ్గర 'ష్‌ష్‌ష్' అంటూ కూర్చునేదాన్ని" అన్నారట. వాడు ఏమీ అనలేదట. కాసేపటికి వచ్చి చాప మీద కూర్చుని, నాలుగు చిక్కుడుకాయలు తీసుకుని ఈనెలు తియ్యడం మొదలుపెట్టాడట. ఆ సాయంత్రమే పోయిన సబ్జెక్టుల మాట కూడా బయటికొచ్చింది. ఒకటి తర్వాత గట్టెక్కాడు. ఇంకోటి ఇంకా వుంది.

మీరు కూడా వినాలనుకుంటే మొదటి పాటతో మొదలుపెట్టకండి, నాలాగే జడుసుకుంటారు. పదకొండు పాటల్లో 'సమ్‌టైమ్స్' అనేది పెట్టమనండి. సోఫియా కొప్పోలా 2003లో తీసిన 'లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్' సినిమాలో కూడా ఆ పాట వాడుకున్నారు. అందులో డ్రమ్ములుండవు. దూరంగా వాన కురుస్తున్నట్టు గిటారు, దాని కింద షీల్డ్స్ గొంతు. బిలిండా గొంతు కావాలంటే ఆ తర్వాత 'టు హియర్ నోస్ వెన్' పెట్టించుకోండి. దాంట్లో ఏది గిటారో ఏది గాలో తెలియదు, స్పీకరు పాడయిందేమోనని లేచి వైర్లు పీకకండి! 'సమ్‌టైమ్స్' అయిదు నిముషాలు దాటి వుంటుంది. పొయ్యి మీద పాలుంటే ముందు కట్టేసి రండి.